అత్తయ్యగారు కూడా మ్యూజియం చూడవచ్చు

వేసవి సెలవులు దగ్గరపడితే మా వార్డులో ఈ మాట వింటూనే ఉంటాం. "పిల్లలకు సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడానికి హైదరాబాదు వెళ్తున్నాం సిస్టరుగారూ. అత్తయ్యను పక్కింటివాళ్ళకు అప్పగిస్తాం. ఆ కాలూ చెయ్యీతో ఆవిడ వచ్చి ఏం చూస్తుంది?" ఇలా అన్న కోడలు చెడ్డ మనిషి కాదు. పక్షవాతం వచ్చిన అత్తగారికి ఆరు వారాలు తన చేతులతో స్నానం చేయించింది. ఆమె భయమంతా మెట్ల గురించి, మరుగుదొడ్డి గురించి, నలుగురూ చూస్తారని.

ఆ భయం ఉత్తది కాదని మాకూ తెలుసు. కొన్నేళ్ళ క్రిందట కొందరు రోగులను వెంటబెట్టుకుని మేము ఒక మ్యూజియంకు వెళ్ళాం. ఊరి పేరు అనవసరం. ముందు ఏడు మెట్లు. ర్యాంపు వెనుక గేటు దగ్గర ఉందన్నారు. ఆ గేటుకు తాళం, తాళంచెవి ఉన్న మనిషి సెలవు! వాచ్‌మెన్ ఇద్దరు మంచి మనసుతోనే వీల్‌చైరును చేతుల దగ్గర పట్టుకుని ఎత్తబోయారు. ఒక చెయ్యి ఊడి వచ్చింది. (ఎత్తక తప్పకపోతే కుర్చీ చట్రాన్నే పట్టుకోవాలి.) మాతో వచ్చిన చూపులేని అమ్మాయి గంటన్నర తిరిగింది. ఏం చూశావమ్మా అంటే, "అన్నీ అద్దాలేనండీ, చల్లగా ఉన్నాయి" అంది.

ర్యాంపు ఉంటే చాలని అంతవరకు మేమూ అనుకున్నాం. ర్యాంపు కూడా ఎలాగో ఒకలా ఉంటే పనికిరాదు. అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు కావాలి. నిటారుగా ఉంటే ఎక్కలేరు, దిగేటప్పుడు ముందుకు పడతారు.

ఆ అమ్మాయి మాటకు జవాబు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో దొరికింది. అక్కడ 2015లో 'అనుభవ్' అనే గది తెరిచారు. మ్యూజియంలోని 22 వస్తువులకు నమూనాలు చేయించి, తాకి చూడటానికి పెట్టారు. పక్కన బ్రెయిలీ రాతలు, వినడానికి వివరణ. అసలు వస్తువులను అందరూ తాకితే చేతి చెమటకు, జిడ్డుకు పాడవుతాయి. నమూనాకు ఆ బెంగ లేదు.

సాలార్‌జంగ్‌లోని మేలిముసుగు రెబెకా విగ్రహాన్ని చూడండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. ఇస్సాకును చూసి ముసుగు వేసుకున్న మన బైబిలులోని రిబ్కాయే ఈమె. ముసుగూ ముఖమూ ఒకే పాలరాయి అంటే కళ్ళున్నవాళ్ళమే నమ్మలేం. అటువంటి దానికి నమూనా ఉంటే, ఆ సంగతి మనకంటే ముందు వేళ్ళకే తెలుస్తుంది.

అన్ని ఇబ్బందులూ పైకి కనబడవు. కుష్ఠు వలన, షుగరు వలన పాదాల్లో స్పర్శ పోయినవారికి బొబ్బలెక్కినా నొప్పి తెలియదు. పెద్ద హాళ్ళన్నీ తిరిగి పుండుతో ఇంటికి వస్తారు. వారికి ర్యాంపు కంటే కూర్చునే బల్లే ముఖ్యం. ఇంటికి రాగానే అరికాళ్ళు చూడాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రజలు వచ్చే పాత భవనాలను కూడా, 2017లో నిబంధనలు వెలువడిన నాటి నుండి ఐదేళ్ళలో అనువుగా మార్చాలని చెప్పింది. ఆ గడువు 2022లోనే ముగిసింది. కాబట్టి గేటు తాళం తీయమని అడగడానికి మొహమాటపడకండి.

బయలుదేరే ముందు మ్యూజియంకు ఫోను చేసి వీల్‌చైరు, లిఫ్టు, మరుగుదొడ్డి సంగతి కనుక్కోండి. పక్షవాతం ఉన్నవారు మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పట్టు లేని కాలు ముందు వేయాలి. చూపులేనివారిని ముందుకు నెట్టకండి, మీ మోచేయి వారికి అందించండి. నడుము క్రింద స్పర్శ లేనివారు కుర్చీలో పావుగంటకొకసారి పిరుదులు పైకెత్తి దించాలి. లేకుంటే ఒత్తిడి పుండ్లు వస్తాయి.

ఆ కోడలు చివరికి అత్తగారిని తీసుకువెళ్ళింది. వాళ్ళు చూసింది తక్కువేనట. బొమ్మ మనిషి బయటకు వచ్చి గంట కొట్టే గడియారం ముందు పెద్దావిడను కూర్చోబెడితే, పదకొండు కొట్టాక పన్నెండు కూడా కొట్టేదాకా లేవనందట.