మట్టమైన చూపు

పునాది మట్టం చూడాలంటే మేస్త్రీ నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం తీస్తాడు. లోపల గాలి చిక్కుకోకపోతే రెండు చివర్లలోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. మైళ్ల పొడవు కాలువకు ఆ గొట్టం చాలదు. అక్కడ మట్టం చూపుతోనే చూడాలి.

రోమన్లు 20 అడుగుల బల్లకు గుండ్లు వేలాడదీసేవారు. గాలికి అవి ఊగితే బల్లమీది గాడిలో నీళ్లు పోసేవారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో తెవెనో గాలి బుడగ ఉండే రసమట్టం రూపొందించాడు. దానికి దుర్భిణి తోడయ్యాక సర్వే తీరే మారిపోయింది. 1832లో ఇంగ్లండ్ ఇంజనీరు గ్రావట్ తయారుచేసిన పొట్టి పరికరమే డంపీ లెవెల్. రసమట్టం గొట్టం పైకి కొద్దిగా వంగి ఉంటుంది, అందుకే బుడగ ఎత్తైన చోటికి చేరుతుంది. బుడగ 2 మిల్లీమీటర్లు జరిగితే 20 సెకన్ల కోణం అనుకుందాం. 100 మీటర్ల దూరంలో అది దాదాపు సెంటీమీటరు తేడా!

ఇప్పటి ఆటో లెవెల్‌లో సన్నని తీగలకు వేలాడే పట్టకం భూమ్యాకర్షణతో తనంతట తానే చూపును సరిచేస్తుంది. గుండ్రటి బుడగను మధ్యకు తెస్తే చాలు.

అయినా ఏ పరికరమూ పూర్తిగా నిక్కచ్చి కాదు. చూపు ప్రతి 10 మీటర్లకు మిల్లీమీటరు పైకి పోతోందనుకోండి. వెనక స్టాఫ్ (కొలత గీతలున్న నిలువు కర్ర) 20 మీటర్లలో, ముందు స్టాఫ్ 60 మీటర్లలో ఉంటే తప్పులు 2, 6 మిల్లీమీటర్లు. ఎత్తుల తేడాలో 4 మిల్లీమీటర్ల తప్పు మిగిలిపోతుంది. పరికరాన్ని సరిగ్గా నడుమ పెడితే రెండువైపులా 4 చొప్పున వచ్చి, తీసివేతలో కొట్టుకుపోతుంది. భూమి వంపు కూడా అంతే. కిలోమీటరు దూరంలో సుమారు 78 మిల్లీమీటర్లయ్యే ఆ తేడా సమదూరాల్లో రద్దవుతుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ సమదూరాల లెక్కకు సాటిరాదని నా నమ్మకం.

1858 నుంచి 1909 వరకు దేశమంతా సాగిన మొదటి లెవెలింగ్‌కు ఆధారం సముద్ర మట్టం. దాన్ని కొలిచిన తొమ్మిది రేవుల్లో విశాఖపట్నం ఒకటి. ఆ రేవుల నుంచి లోపలి ఊళ్లకు ఎత్తులు ఇలా స్టాఫ్ వెంట స్టాఫ్‌గానే చేరాయి.

మీ స్థలంలో లెవెల్ తీస్తున్నప్పుడు పరికరం రెండు స్టాఫ్‌లకూ నడుమ ఉందో లేదో చూడండి. లేకపోతే మొహమాటపడకుండా అడగండి.