మార్కాపురం ప్రాంతంలో పురపాలన: కమిషనర్ బాధ్యతలు, అధికార పరిధి

వేసవిలో మార్కాపురం వీధుల్లో కుళాయికి నీరు రాకపోతే ప్రజలు నిలదీసేది పురపాలక కమిషనర్‌నే. చట్టరీత్యా అది సబబే. తాగునీటి సరఫరా పురపాలక సంఘం ప్రథమ విధుల్లో ఒకటి. అయితే ఆ నీరు నాగార్జునసాగర్ కాలువ ద్వారా త్రిపురాంతకం మండలం దూపాడు వద్ద ఉన్న వేసవి నిల్వ చెరువుకు చేరి, అక్కడి నుంచి పట్టణానికి రావాలి. కాలువకు నీరు ఎప్పుడు వదలాలో నిర్ణయించేది జలవనరుల శాఖ. ఆ నిర్ణయంలో కమిషనర్‌కు లేఖ రాసే వీలుందే తప్ప ఆజ్ఞాపించే అధికారం లేదు. చిన్న పట్టణాల పాలనాధికారుల స్థితిని అర్థం చేసుకోవడానికి బాధ్యతకూ అధికారానికీ మధ్య ఉన్న ఈ ఎడమే కీలకం.

ఈ ప్రాంతపు పాలనా చరిత్ర ఒకే దారిలో నడిచినది కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనూ ఉండేవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. పురపాలనకు సంబంధించినంతవరకు 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం స్థానంలో 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగర పాలక సంస్థ, పురపాలక సంఘం, నగర పంచాయతీ అనే మూడు అంచెలను గుర్తించి, 12వ షెడ్యూలులో 18 అంశాలను పేర్కొంది.

మార్కాపురం పురపాలక సంఘం. గిద్దలూరు, కనిగిరి నగర పంచాయతీలు. ఈ రెండో పేరు సామాన్యుణ్ణి తికమక పెడుతుంది. పేరులో పంచాయతీ ఉన్నా ఇక్కడ సర్పంచి ఉండడు, గ్రామసభ ఉండదు, పంచాయతీరాజ్ చట్టం వర్తించదు. పల్లె పట్టణంగా మారే దశలో ఉన్న ప్రాంతానికి రాజ్యాంగం ఇచ్చిన రూపమిది. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం వంటివి చూసి ఆ హోదా నిర్ణయిస్తారు. హోదా మారినంత మాత్రాన బతుకుతెరువు మారదు. శివారు వాడల్లోని కూలీలు మునుపటిలాగే పొలం పనులకే వెళ్తారు. కానీ గ్రామీణ ఉపాధి హామీ చట్టం పట్టణ పరిధికి వర్తించదు కనుక ఆ పని వారికి దక్కదు. పట్టణ హోదాను అభివృద్ధిగా మాత్రమే చూసే చర్చల్లో ఈ నష్టం ప్రస్తావనకు రావడం అరుదు.

ఇక కమిషనర్ విషయం. ఆయనను నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. తీర్మానం చేసేది ప్రజలెన్నుకున్న కౌన్సిల్. దానికి అధ్యక్షత వహించేది చైర్‌పర్సన్. కమిషనర్ సమావేశానికి హాజరై చర్చలో పాల్గొనవచ్చు, ఓటు వేయరాదు. తీర్మానాన్ని అమలు చేయడం ఆయన విధి. అది చట్టవిరుద్ధమని తోస్తే ప్రభుత్వ దృష్టికి తీసుకువెళ్లవచ్చు. ఈ వెసులుబాటును చిన్న విషయంగా చూడరాదు. ఆక్రమణల క్రమబద్ధీకరణ, దుకాణాల లీజు వంటి అంశాల్లో స్థానిక ఒత్తిడికి అడ్డుకట్ట వేయగలిగేది ఇదొక్కటే. పాలకవర్గం లేనప్పుడు ఈ సమతూకమే ఉండదు. 2014లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2019లో ముగిసింది. 2021 మార్చి ఎన్నికల వరకు ప్రత్యేకాధికారులే కౌన్సిల్ అధికారాలనూ చెలాయించారు. గడువు ముగిసేలోగా ఎన్నికలు జరపాలన్న రాజ్యాంగ నియమం ఉండగానే ఇది జరిగింది.

ఆదాయానికి ప్రధాన ఆధారం ఆస్తి పన్ను. 2020 సవరణతో వార్షిక అద్దె విలువకు బదులు మూలధన విలువను ప్రాతిపదికగా తీసుకున్నారు. 2021 ఏప్రిల్ నుంచి ఇది అమలులోకి వచ్చింది. పన్ను పెంపు ఏటా 15 శాతం మించకుండా పరిమితి విధించారు. నోటీసు కమిషనర్ సంతకంతో వస్తుంది కనుక పన్ను పెంచింది ఆయనేనని జనం అనుకుంటారు. సూత్రం రాష్ట్రానిది, వసూలు మాత్రం ఆయనది. కేంద్రం నుంచి వచ్చే నిధుల్లోనూ స్వేచ్ఛ కొంతే. 15వ ఆర్థిక సంఘం ఇటువంటి పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టింది.

నీటి కొరత తీవ్రంగా ఉండి, భూగర్భజలంలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఈ ప్రాంతానికి ఆ ముడి మేలు చేసేదే. గిద్దలూరు వైపు సాగర్ ఆయకట్టు కూడా లేదు. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా జలాలు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుపైనే అక్కడి ఆశ. అది పూర్తి ఫలమిచ్చేవరకు బోర్లు, ట్యాంకర్ల నిర్వహణే స్థానిక అధికారి వేసవి దినచర్య.

2019 అక్టోబరులో మొదలైన వార్డు సచివాలయాలతో ఈ బాధ్యతలు వీధి స్థాయికి చేరాయి. కుళాయి, వీధిదీపం వంటివి వార్డు వసతుల కార్యదర్శి చూస్తారు. చెత్త సేకరణను పారిశుద్ధ్య కార్యదర్శి, ఇంటి నిర్మాణ అనుమతులను ప్రణాళిక కార్యదర్శి చూస్తారు. పగిలిన పైపు గురించి ఇచ్చే అర్జీ ఇప్పుడు వార్డులోనే పరిష్కారం కావచ్చు. కాలువలో నీరు లేదన్న అర్జీ మాత్రం వార్డు నుంచి కమిషనర్‌కు, ఆయన నుంచి కలెక్టర్‌కు, అక్కడి నుంచి జలవనరుల శాఖకు వెళ్లవలసిందే.