చలికి ఫోను పడకేసింది.. చేను నీట మునిగింది

సంగారెడ్డి: ఈ విలేకరికే ఓ పుష్యమాసంలో ఎదురైన అనుభవమిది. కోహీర్ పక్కన రెండెకరాల ఆలుగడ్డ చేను. బోరుకు మొబైల్ స్టార్టరు ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మంచం మీది నుంచే ఫోను కొట్టి మోటరు వేశాను. అరగంటలో ఆపాలి. అరుగు మీద పెట్టిన ఫోనులో చార్జింగు 26 శాతం ఉంది. ఆపుదామని తీసి నంబరు నొక్కేసరికి తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

ఇంట్లో మరో ఫోను లేకపోలేదు. కానీ స్టార్టరు పెట్టెలోని సిమ్ నంబరు నోటికి రాదు. వచ్చినా లాభం లేదు, ఆ పెట్టెలో నమోదైన నంబరు నుంచి పోతేనే అది పలుకుతుంది. నమోదైంది ఆగిపోయిన ఫోను ఒక్కటే. గొంగడి కప్పుకొని చేనికి పోయేసరికి బోదెలు నిండి గట్టు తెగింది. పల్లంలోని అయిదారు సాళ్లలో గడ్డ మెత్తబడి చేతికి రాలేదు. ఇంటికి వచ్చి కాసేపు కూర్చున్నాక ఫోను పెడితే లేచి కూర్చుంది. 21 శాతమట!

ఇది ఒక్కరి కథ కాదు. కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ పేర్లు రాష్ట్రంలో చలి లెక్కల్లో ముందు వరుసలో కనపడేవే. 2023 జనవరిలో కోహీర్‌లో పాదరసం 5 డిగ్రీల దరిదాపుకు దిగింది. అలాంటి పొద్దుల్లో "ఫోను ఇగానికి బిగుసుకున్నది" అనే మాట ఈ పక్క తరచూ వినపడుతుంది. బిగుసుకునేది ఫోను కాదు, లోపలి బ్యాటరీ.

ఎందుకిలా?

ఫోనులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీన్ని మొదటిసారి 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి పెట్టింది. రెండు పొరల నడుమ ఓ ద్రావకం ఉంటుంది. అందులోంచి లిథియం కణాలు ఇటునుంచి అటు ప్రయాణిస్తేనే కరెంటు పుడుతుంది. చలికి కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం మనకు తెలిసిందే. బ్యాటరీ ద్రావకం మన చలికి అంతలా గడ్డకట్టదు గాని, కణాల నడక మందగిస్తుంది. బ్యాటరీలో సరుకు ఉంటుంది, అడిగినంత ఒక్కసారిగా ఇవ్వలేదు. ఫోను చేయడం, టార్చి వేయడం, ఫొటో తీయడం వంటి పనులకు ఒక్క ఉదుటున కరెంటు కావాలి. అది అందక ఓల్టేజి పడిపోతుంది, ఫోను తనంతట తానే ఆగిపోతుంది. వెచ్చబడగానే మిగిలిన సరుకు మళ్లీ కనపడుతుంది. మాయేమీ లేదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చాలా కంపెనీలు చెబుతాయి. మన చలి ఎంత కొరికినా సున్నాకు పోదు. కొత్త ఫోనుకు ఆరేడు డిగ్రీలు ఒక లెక్క కాదు. ఇబ్బందంతా మూడు నాలుగేళ్లు వాడిన ఫోన్లతోనే. మనలో ఎక్కువమంది చేతుల్లో ఉండేవి అవే, పట్నంలో కొడుకు వాడి పంపినవి. 20, 30 శాతం దగ్గర ఫోను పదేపదే ఆగిపోతుంటే బ్యాటరీ ముసలిదైందని గుర్తు. ఫోను మార్చనక్కర్లేదు, బ్యాటరీ మారిస్తే చాలు.

నెగడు దగ్గర వద్దు

ఆగిన ఫోనును వెచ్చబెట్టాలని కొందరు నెగడు పక్కన, పొయ్యి గట్టు మీద పెడుతున్నారు. చలి కంటే ఈ పనే ప్రమాదం. బ్యాటరీ ఎక్కువ వేడెక్కితే ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పది పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. చలిలో బయట తిరిగేటప్పుడు కూడా అదే దాని చోటు.

రాత్రి చార్జింగు పెట్టి దుప్పటి కింద, దిండు పక్కన పెట్టుకోవడం ఇంకో చెడ్డ అలవాటు. చార్జింగులో పుట్టిన వేడి బయటికి పోయే దారి ఉండదు. సాయంత్రం వంటవేళ, ఇంట్లో అందరూ మేల్కొని ఉన్నప్పుడే చార్జింగు పెట్టి, పడుకునేలోపు తీసేయాలి. ఫోను వెనక మూత పైకి లేచినట్టు కనపడితే ఇక చార్జింగు పెట్టవద్దు. నొక్కవద్దు, పొడవవద్దు. నేరుగా మరమ్మతు దుకాణానికి తీసుకుపోవాలి.

షిఫ్టుకు పోయేవారు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసి, తెల్లారి పొలం చూసుకునే చిన్న రైతులు మన దగ్గర ఎందరో. ఫోనును బండి హ్యాండిలుకు తగిలించి 65వ నంబరు జాతీయ రహదారి మీద మంచులో వస్తుంటారు. గాలికి ఫోను తొందరగా చల్లబడుతుంది, పైన మంచునీరు పడుతుంది. అలా చల్లబడిన ఫోనును నేరుగా బాయిలర్ వేడిలోకి తీసుకుపోతే, చల్లని చెంబు మీద పట్టినట్టే దాని లోపలా చెమ్మ పట్టవచ్చు. ఓ అరగంట సంచిలోనే ఉంచి తీయాలి. తడి ఆరేదాకా చార్జరు గుచ్చవద్దు. బియ్యం డబ్బాలో పాతిపెట్టే వైద్యమూ వద్దు, పిండి, నలుసులు లోపలికి పోతాయి. నూలు గుడ్డతో తుడిచి గాలి తగిలేచోట పెడితే సరి.

వేలిముద్ర పడకుంటే..

చలికాలంలో చేతులు పగులుతాయి. చెరకు నరికే చేతులు, ఆలుగడ్డ తవ్వే చేతులైతే చెప్పనక్కర్లేదు. ఫోను తాళం తీయబోతే వేలు పట్టదు. రేషన్ దుకాణంలో మిషన్ మీదా అంతే. డీలరు విసుక్కుంటాడు, వెనక వరుసలో వాళ్లు తొందరపెడతారు. తప్పు రైతుది కాదు, ఆరిపోయిన చర్మపు గీతలను మిషను చదవలేదు. ముందురోజు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె రాసుకోవాలి. పొద్దున గోరువెచ్చని నీటితో కడిగి పొడిగా తుడుచుకోవాలి. ఫోనులో కొడవలి పట్టని చేతివేళ్లను కూడా నమోదు చేసుకుంటే అక్కరకొస్తాయి. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి వేలే పడాలని లేదు. ఆధార్‌కు కలిపిన ఫోనుకు వచ్చే ఓటీపీతో చేయవచ్చు. 2023 జూన్ నుంచి ఆ యాప్‌లో ముఖం చూపించి చేసుకునే వీలూ వచ్చింది.

ఆకు ఫొటో తీసేటప్పుడు

మంచు, చెమ్మ కలిసిన రోజుల్లో ఆలుగడ్డకు ఆఖరు మాడు తెగులు భయం ఉంటుంది. ఆకు మీద నీరు నానినట్టు నల్లమచ్చలు, పొద్దున పూట ఆకు అడుగున తెల్లని బూజు కనపడతాయి. ఎండెక్కితే ఆ బూజు సరిగా కనపడదు కాబట్టి ఫొటో పొద్దున్నే తీయాలి. అంటే ఫోను మొరాయించే వేళలోనే! ముందుగా కెమెరా అద్దం మీది చెమ్మను గుడ్డతో తుడవాలి. ఆకు పైభాగం ఒకటి, అడుగు భాగం ఒకటి, మొక్క మొత్తం ఒకటి తీసి వ్యవసాయ విస్తరణాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రానికో పంపాలి. తడి వేళ్లతో నొక్కితే తెర పలకదు, చెయ్యి తుడుచుకోవాలి.

చలి, చెమ్మ ఎలా ఉండబోతున్నాయో ముందే చూసుకోవడానికి 2019లో మేఘదూత్ యాప్ తెచ్చారు. వాతావరణ శాఖ, భారత వ్యవసాయ పరిశోధన మండలి తదితర సంస్థలు కలిసి దీన్ని తయారుచేశాయి. రాత్రి పడుకునే ముందే చూసుకుంటే తెల్లారి ఫోను మీద భారం తగ్గుతుంది. సిగ్నలు అందని చేనిలో ఫోను టవరు కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది. అక్కడ డేటా ఆపుకోవాలి.

స్టార్టరు ఉన్నవారు ఇంట్లో మరో నంబరును కూడా అందులో నమోదు చేయించుకోవాలి. చిన్న బటన్ల ఫోనైనా సరే, చలిలో దానికి ఖర్చయ్యే కరెంటు తక్కువ. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కూ దాన్నుంచే ఉచితంగా మాట్లాడవచ్చు. మా ఇంట్లో ఇప్పుడు స్టార్టరు సిమ్ నంబరు తలుపు వెనక బొగ్గుతో రాసి ఉంది.