నీలం, పసుపు, ఆకుపచ్చ: బొమ్మల పుస్తకాల్లో చెలిమి

పిల్లల పుస్తకంలో బొమ్మలుండటం వేరు, బొమ్మల పుస్తకం వేరు. మొదటిదానిలో కథ మాటల్లోనే నడుస్తుంది; బొమ్మ తీసేసినా అర్థానికి లోటు రాదు. రెండోదానిలో మాటా బొమ్మా కథను పంచుకుంటాయి; ఒకటి చెప్పనిది మరొకటి చెబుతుంది. తరచుగా 32 పేజీల్లో ముగిసే ఈ ప్రక్రియ చెలిమి గురించీ, ఎవరి తీరు వారికి ఉండటం గురించీ ఏం చెబుతుందో మూడు పుస్తకాల ఆధారంగా పరిశీలిద్దాం.

ముందుగా మాటల సంగతి. 'వ్యక్తిత్వం', 'వైవిధ్యం', 'ప్రత్యేకత' పెద్దల మాటలు. అయిదేళ్ల పిల్లల నోట వినిపించేవి 'జట్టు', 'కటీఫ్', 'వీడు మనలాగా లేడు' వంటివి. మంచి బొమ్మల పుస్తకం భావానికి పేరు పెట్టదు. దాన్ని కళ్లకు కట్టిస్తుంది.

డేవిడ్ మెకీ రాసి, బొమ్మలు వేసిన 'ఎల్మర్' (1968) చూడండి. మందలో ఏనుగులన్నీ బూడిదరంగువి. ఎల్మర్ ఒక్కడే రంగురంగుల ముక్కల బొంతలా ఉంటాడు. అందరూ తనను చూసి నవ్వుతున్నారనుకుని, పండ్ల రసం ఒంటికి పులుముకుని వాళ్ల రంగులోకి మారిపోతాడు. అప్పుడు మంద మూగబోతుంది. అన్నీ బూడిదరంగు ఏనుగులే నిలబడి ఉన్న బొమ్మను చూస్తే, తగ్గిందేమిటో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. చివరకు వాన ఆ రంగును కడిగేస్తుంది.

రెండోది మన దేశపు పుస్తకం. జై విటేకర్ రాయగా శ్రీవిద్యా నటరాజన్ బొమ్మలు వేసిన 'కాళి అండ్ ది ర్యాట్ స్నేక్'ను చెన్నైకి చెందిన తూలిక సంస్థ ప్రచురించింది. కాళి ఇరుళ తెగ కుర్రవాడు; తండ్రి పాములు పట్టేవాడు. బడిలో అతనికి నేస్తాలు లేరు. ఒకరోజు తరగతిలోకి జెర్రిపోతు వస్తుంది. అందరూ హడలిపోతే కాళి దాన్ని పట్టుకుంటాడు. ఆ దెబ్బతో అందరికీ ఇష్టుడవుతాడు.

ఇక్కడ విద్యార్థులు ఒక ప్రశ్న వేసుకోవాలి. పాము రాకపోతే కాళి గతి ఏమిటి? వేరుగా ఉన్న పిల్లవాడు అందరికీ పనికొచ్చాకే నేస్తం కావాలా? ఈ రకం కథలు చాలా ఉన్నాయి. వాటిలో ధైర్యం ఉంది, గౌరవం ఉంది. 'ముందు నీ విలువ రుజువు చేసుకో' అన్న షరతూ ఉంది.

ఆ షరతు లేని పుస్తకం లియో లియోని 'లిటిల్ బ్లూ అండ్ లిటిల్ యెల్లో' (1959). ఇందులో పాత్రలు చింపిన కాగితపు ముక్కలు, అంతే. చిన్ని నీలం, చిన్ని పసుపు నేస్తాలు. ఒకరినొకరు కావలించుకుంటే ఆకుపచ్చ అయిపోతారు. ఇంటికి వెళితే తల్లిదండ్రులు గుర్తుపట్టరు. ఇద్దరూ నీలం, పసుపు కన్నీళ్లుగా కరిగిపోయేదాకా ఏడ్చి, తిరిగి ఎవరి రంగులో వారు కూడుకుంటారు. పెద్దవాళ్లు కూడా కావలించుకుని తామూ పచ్చబడ్డాకే జరిగింది వాళ్లకు బోధపడుతుంది.

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో పెరిగిన మన విద్యార్థులకు ఈ కథ విడమరచి చెప్పాలా? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో. చెలిమిలో మాటలు కలుస్తాయి. ఆ కలిసిన మాట విని 'ఇది తెలుగేనా?' అని చుట్టాలు నవ్వుతారు. బడిలో నవ్వుతారని కొందరు పిల్లలు ఇంటి భాషనే దాచుకుంటారు. అది ఎల్మర్ పులుముకున్న రంగు. భాషాశాస్త్రం దృష్టిలో ఇరుగుపొరుగు భాషల మాటలు కలవడం సహజం, అది భాష చెడటం కాదు. కానీ నవ్వులపాలైన పిల్లవాడికి శాస్త్రం అందదు, బొమ్మల పుస్తకం అందుతుంది.

అందుచేత మా సూచన ఇది. ఇలాంటి పుస్తకం ఒకటి తీసుకుని, అచ్చు మాటలను కాగితంతో కప్పి, ఇంట్లోని చిన్నపిల్లల చేత బొమ్మలను చూస్తూ కథ చెప్పించండి. వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటనే రాసుకోండి. దిద్దకండి. తరువాత అదే కథను మీ అమ్మమ్మకో తాతయ్యకో చదివి వినిపించండి. ఏ మాట దగ్గర వాళ్లు ఆగారో గుర్తు పెట్టుకోండి. మీ ఊరి తెలుగు గురించి తెలుసుకోవడానికి అదే మంచి మొదలు.