అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నమెంటుల టెలివిజన్ ప్రసారాలు

ఒక దేశంలో జరుగుతున్న ఫుట్‌బాల్ పోటీలను ఇతర దేశాల ప్రేక్షకులకు ప్రత్యక్షంగా చూపించే విధానమే అంతర్జాతీయ టెలివిజన్ ప్రసారం. ఫుట్‌బాల్‌ను అమెరికాలో సాకర్ అంటారు. ప్రపంచ కప్ పోటీలు మొదటిసారి రంగులలో ప్రసారమైనది 1970లో, మెక్సికో నుండి.

ప్రసార విధానం

మైదానంలో ఒకే సంస్థ చిత్రీకరించిన దృశ్యాలను హక్కులు కొన్న ఛానెళ్ళు అందుకొని, తమ భాషలో వ్యాఖ్యానం జోడిస్తాయి. ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండుటచేత, సంకేతం పైకి వెళ్ళి తిరిగి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది.

కాలభేదం, ప్రకటనలు

1994 ఫైనల్ అమెరికాలోని పాసడీనాలో మధ్యాహ్నం 12:30కి మొదలైంది. అప్పుడు భారతదేశంలో రాత్రి ఒంటిగంట. 2002లో జపాన్‌లో జరిగిన ఫైనల్ మనకు సాయంత్రం 4:30కి, న్యూయార్క్ వాసులకు ఉదయం 7 గంటలకు మొదలైంది.

45 నిమిషాల అర్ధభాగంలో విరామం ఉండదు గనుక, తరచు ప్రకటనలు వేసే అమెరికా ఛానెళ్ళకు ఈ ఆట ఇబ్బందిగా ఉండేది. 1994లో ఏబీసీ, ఈఎస్‌పీఎన్ ఛానెళ్ళు ఆటను ఆపకుండా, తెర మూలన ఉన్న గడియారం పక్కనే ప్రాయోజకుల చిహ్నాలు చూపాయి. 2018, 2022 పోటీలను అమెరికాలో ఫాక్స్ ఆంగ్లంలోను, టెలిముండో స్పానిష్‌లోను ప్రసారం చేశాయి.

నెల్లూరు తీరం

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రస్తుతం తిరుపతి జిల్లాలో ఉంది. 2006 ప్రపంచ కప్ ఫైనల్ జూలై 9న బెర్లిన్‌లో జరిగింది. ఆ మరునాడే, ఇళ్ళకు నేరుగా టెలివిజన్ ప్రసారాలు (డీటీహెచ్) అందించవలసిన ఇన్సాట్-4సీ ఉపగ్రహంతో జీఎస్ఎల్వీ-ఎఫ్02 రాకెట్ ఇక్కడినుండి బయలుదేరింది. పక్కన అమర్చిన నాలుగు ద్రవ ఇంధన మోటార్లలో ఒకటి విఫలమగుటచే రాకెట్ గాలిలోనే ధ్వంసమై, ఉపగ్రహంతో సహా సముద్రంలో పడిపోయింది. దాని స్థానంలో నిర్మించిన ఇన్సాట్-4సీఆర్ 2007 సెప్టెంబరు 2న ఇక్కడినుండే కక్ష్యకు చేరింది. దీనిలో 12 కేయూ-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు ఉన్నాయి. ఇంతకంటే బరువైన ఇన్సాట్-4బీ, జీశాట్-15 వంటి ఉపగ్రహాలను దక్షిణ అమెరికాలోని కౌరూ నుండి ఏరియాన్ రాకెట్ల ద్వారా ప్రయోగించారు.

ఉచిత ప్రసారం

ప్రైవేటు ఛానెళ్ళు హక్కులు కొన్నచో, చందా కట్టలేని ప్రేక్షకులు ఆటకు దూరమవుతారు. ఇందుకై 2007లో భారత పార్లమెంటు ఒక చట్టం చేసింది. దీని ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రభుత్వం ప్రకటించిన క్రీడల ప్రత్యక్ష ప్రసారాన్ని, హక్కుదారులు తమ ప్రకటనలు లేకుండా ప్రసార భారతికి ఇవ్వాలి. టెలివిజన్ ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకు చెందుతుంది. అయితే ఆ సంకేతాన్ని దూరదర్శన్ తన భూతల ప్రసారాలలోను, తన డీటీహెచ్ సేవలోను మాత్రమే వాడుకోవాలని, ప్రైవేటు కేబుల్ ద్వారా అందించరాదని 2017 ఆగష్టు 22న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కనుక ఉచితంగా చూడదలచిన గ్రామీణ ప్రేక్షకునికి కేబుల్ కనెక్షన్ చాలదు. డీడీ ఫ్రీ డిష్ పళ్ళెం ఉండాలి.