ఆశావాదికి రెండో దారి

ఆశ రెండు విధాలు. కాగల కార్యాన్ని గంధర్వులే తీరుస్తారని కన్నులు మూసుకొని ఎదురుచూసేది ఒకటి. నేటి పనిని నేడే చేయించేది మరొకటి. రెంటికీ పేరొకటే కావడంవల్ల మొదటిదాని అపకీర్తి రెండోదానికి అంటుకొన్నది. ఉద్యోగాలు వెదుకుతున్న పట్టభద్రులను పరిశీలించి, గాబ్రియెలె ఓటింగెన్ అనే జర్మన్ మనశ్శాస్త్రవేత్త 2002లో ఒక విషయం వెల్లడించింది. కొలువు వచ్చినట్లే తరచు పగటికలలు కన్నవారు తక్కువ దరఖాస్తులు పెట్టుకొని, తక్కువ జీతాలు పొందారట. వస్తుందన్న నమ్మకం గలవారి ఫలితాలు మాత్రం మెరుగుగా ఉన్నాయి. కల ముందుగానే తృప్తినిచ్చి చేతిలోని కలాన్ని జార్చివేసిందన్నమాట.

ఈ భేదం తార్నాకలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు ఇరుకు గదులలో కాపురముంటూ, ఉస్మానియా గ్రంథాలయంలోను, చెట్ల నీడలలోను పోటీపరీక్షలకు చదువుతూంటారు. ఇంటినుండి వచ్చే డబ్బు వెనుకనున్న పంటను, కూలిని వారెరుగుదురు. తెలంగాణలో 2022 అక్టోబరున వ్రాసిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రాలు బయటికి పొక్కిన కారణాన 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ వ్రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి వ్రాశారు. ఇట్టివారికి ఆశ వదలకండని ఉపదేశించడం బహు చౌక. తప్పు ఎవరిదో తేల్చకుండా ఓర్పు పాఠం చెప్పేవారు అన్యాయానికి వత్తాసు పలుకుతున్నట్లే. వేలిముద్రలు తీసుకోలేదని రెండో పరీక్షమీద న్యాయస్థానానికెక్కినవారూ అభ్యర్థులే. అడిగితే న్యాయం దొరుకుతుందనుకోవడం కూడ ఆశే గదా!

అమెరికాలో సెలిగ్మన్, మేయర్ అనే శాస్త్రజ్ఞులు 1967లో కుక్కలపై ప్రయోగాలు చేశారు. తప్పించుకోలేని నొప్పిని అనుభవించిన కుక్కలు, తరువాత దారి తెరిచి ఉంచినా చాలవరకు కదలలేదు. నిస్సహాయతను అవి నేర్చుకొన్నాయని ఆనాడు తేల్చారు. 2016లో ఆ మాటను వారే దిద్దుకొన్నారు. దీర్ఘబాధలో చతికిలబడడం సహజమేననీ, నేర్చుకోవలసింది తన చేతిలోనూ కొంత ఉన్నదన్న ఎరుక అనీ వారి తాజా మాట.

ఆ ఎరుక ఈ ఆవరణకు కొత్త కాదు. 1938లో, ఆర్ట్సు కళాశాల భవనం ఇంకా కట్టుబడిలో ఉండగా, వసతిగృహాలలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. నిజాం రాజ్యంలో అప్పటికి మరో విశ్వవిద్యాలయం లేదు. వారిలో పలువురు నాగపూరు దారి పట్టారు. అక్కడి విశ్వవిద్యాలయం వారిని చేర్చుకొన్నది. ఆ ఉద్యమంలో పాల్గొన్న పి.వి. నరసింహారావు నాగపూరులోనే న్యాయశాస్త్ర పట్టం పొంది, 1991లో ప్రధానమంత్రి అయినారు. విద్యార్థుల ధైర్యాన్ని పొగిడేవారు తలుపు తీసిన నాగపూరును మరచిపోతుంటారు.

2022లో ఉన్న కొలువులు 503. దరఖాస్తులు 3,80,000కు పైగా. అంటే సుమారు 750 మందికి ఒకటి. ఎంతటి ఆశావాదమూ ఈ భాగహారాన్ని మార్చజాలదు. గ్రూప్-1కు చదువుతూనే బడిపంతులు ఉద్యోగానికో, బ్యాంకు కొలువుకో అర్జీ పెట్టినవాణ్ణి, అప్పుడే దిగజారావా అని గదిలోని స్నేహితులు ఎగతాళి చేయడం కద్దు. అతడు నాగపూరు బండి వేళలు కనుక్కొంటున్నాడు, అంతే.