సుబ్బారావుగారి శోధన – మన్యమునకు దక్కవలసిన ఫలము

అరకులోయ సంతలో సరకు కొని, మూటను తలకెత్తుకొని, మరల కొండనెక్కు గిరిజన స్త్రీని చూచి ఆమె ఓర్పును మెచ్చుకొనువారు పెక్కురు. ఆమె కండలలో ఆ క్షణమున జరుగు కార్యమును గూర్చి యోచించువారు తక్కువ. ఆ కార్యరహస్యమును లోకమునకు వెల్లడించినవారిలో ఒకరు 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి పేరు తలచి గర్వించుట ఆంధ్రులకు అలవాటైనది. వారి శ్రమఫలము మన తూర్పు కనుమల బిడ్డలకు ఎంతవరకు దక్కినదని అడుగుట మాత్రము ఇంకను అలవాటు కాలేదు.

సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదువునాడు గాంధీమహాత్ముని పిలుపునందుకొని ఖద్దరు ధరించిరి. అందువలన తెల్లదొర యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా తక్కువదియగు ఎల్.ఎం.యస్.తో సరిపెట్టుకొనవలసివచ్చెను. స్ప్రూ అను గ్రహణిరోగము వారి సోదరుల నిరువురను బలిగొనెను. పిమ్మట వారు అమెరికాకేగి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు పరిశోధన సాగించిరి. 1925లో హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కూడి శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ కొలబద్దతోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును కండలలో కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ సైతము ఏ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనెను.

ఏ.టి.పి. జీవకణమునకు చేతిలోని రొక్కము వంటిది. ప్రతి కదలికయందును అది వ్యయమగును. కొండనెక్కునపుడు రొక్కము తరిగినచో తక్షణమే పూరించు నిలువ ఫాస్ఫోక్రియాటిన్.

అంతటితో కథ ముగియలేదు. కణమును చుట్టియుండు పొరపై గ్రాహకములనునవి ద్వారపాలకులవలె నిలిచియుండును. శ్రమయందుగాని భయమునందుగాని రక్తములో వచ్చు అడ్రినలిన్ ఆ గ్రాహకమును తాకునేకాని లోనికి పోదు. వార్త మాత్రము లోనికి పోవును. ఆ వార్తను మోయు దూత సైక్లిక్ ఏ.యం.పి.; అది పుట్టునది ఏ.టి.పి. నుండియే. దాని రాకతో నిలువయున్న గ్లైకోజెన్ కరగి శక్తికి ఆధారమగును. ఈ దూతను గుర్తించిన ఎర్ల్ సదర్లండునకు 1971లోను, గ్రాహకముల తీరును వివరించిన లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లోను నోబెల్ బహుమానము లభించెను. ఈ శాస్త్రమును నిర్మించినవారు వేరు. కాని దాని పునాదిరాళ్లలో నొకటి తెలుగువాని చేతిది.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీయు ఈ గ్రాహకములతోనే పనిచేయుచున్నది. ఏ.టి.పి. వ్యయము కాగా పోగగు అడినోసిన్ మెదడులోని గ్రాహకములను తాకి మగతను కలిగించును. కాఫీలోని కెఫీన్ ఆ చోటును ముందుగా ఆక్రమించి, మగతకు అడ్డుపడును.

హార్వర్డు స్థిరమైన యుద్యోగ మీయకపోగా, సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. అచట వారి నాయకత్వమున 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. తమ సోదరులను మ్రింగిన రోగమునకు అది మందయ్యెను. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పలురోగములకు ఆరియోమైసిన్ అచటనే వెలువడెను. 1948 ఆగస్టులో వారు కీర్తిశేషులైరి.

ఆ ఫోలిక్ ఆమ్లముతో మన్యమునకు నేడును పనియున్నది. తూర్పు కనుమల గిరిజనులలో కొడవలికణ వ్యాధి వంశపారంపర్యముగా వచ్చుచున్నది. ఆరోగ్యవంతుని ఎఱ్ఱకణము దాదాపు 120 దినములు జీవించును. కొడవలివలె వంగిన కణము పది యిరువది దినములకే నశించును. మజ్జ ఎడతెగక క్రొత్త కణములను చేయవలెను. అందులకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది వ్యాధిని నిర్మూలింపదు. క్షీణించు రక్తమునకు ఆసరా యగును. నొప్పుల తీవ్రతను తగ్గించుటకు హైడ్రాక్సీయూరియా కలదు. ఈ రెండును వైద్యుని పర్యవేక్షణలో ఏండ్ల తరబడి వాడవలసినవి.

2023 జూలై 1వ తేదీన కేంద్రప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయోద్యమమును ప్రారంభించి, నలువది యేండ్లలోపు వయస్సుగల ఏడుకోట్లమందిని పరీక్షింప సంకల్పించెను. సంకల్పము ప్రశంసనీయము. అయినను రక్తము పరీక్షించి చీటీ చేతికిచ్చినంతమాత్రమున వైద్యము కాదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోగిని డోలీకట్టి మోసికొనిపోవు పల్లెలు కలవు. అట్టి పల్లెకు నెలనెల మాత్ర చేరవలెను. నొప్పులు వచ్చిన రాత్రి బాట యుండవలెను. వివాహమునకు ముందు వధూవరులకు వ్యాధి సంగతిని వారి భాషలో ఓర్పుతో తెలుపువారుండవలెను.

పరదేశమున, పరాయి కొలువున ఒక తెలుగువాడు ప్రపంచమునకు మందు నిచ్చెను. అది స్వరాజ్యమున స్వజనులకు అందకపోయినచో ఆ లోపము శాస్త్రమునది కాదు. విగ్రహములు నిలుపుట, జయంతులు జరుపుట సులభము. ఫోలిక్ ఆమ్లపు మాత్ర వెల బహుస్వల్పము. దానిని కొండపైకి చేర్చుటకు కావలసినది మన పట్టుదలయే. సుబ్బారావుగారికి ఆంధ్రులు తీర్చవలసిన ఋణము అదియే.